పేరు ముందు గీత

దేనికైనా తలుపేసి గడియ పెట్టేస్తాడని ఆఫీసులో ఆయన్ని గడియాయన అనేవారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. కంప్యూటర్లో రాసుకునే ఎడిటర్ ఒకటి ఆయన చేతిమీదుగా తయారై నలుగురికీ అలవాటైపోయింది. మనం కీ నొక్కాక తెరమీద అక్షరం పడేలోపు లోపల కొన్ని ఫంక్షన్లు, అంటే చిన్నచిన్న ప్రోగ్రాం ముక్కలు, పనిచేస్తాయి. వాటి పేర్లకు ముందు ఆయన ఒక గీత పెట్టాడు. బయటివాళ్ళు వీటి జోలికి రావద్దని ఆ గీతకు అర్థం. వచ్చి వాడుకుంటే వాళ్ళ ఖర్మ. గీత తీసేస్తే మాత్రం లోకానికి మాట ఇచ్చినట్టే; ఇక పేరూ మార్చకూడదు, తీరూ మార్చకూడదు.

అక్కడితో ఆగితే గడియాయన ఎందుకవుతాడు? కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పనిగట్టుకుని ఆ పేర్లన్నీ మార్చేవాడు. "మారిస్తే గానీ దొంగచాటుగా వాడేవాళ్ళు దారికి రారమ్మా" అని పక్కసీటు అమ్మాయితో చెప్పి నవ్వేవాడు. అదో సరదా ఆయనకు.

పట్టుదలకు కారణం లేకపోలేదు. ఆ భాగం ఆయన కుర్రతనంలో హడావిడిగా అతుకులేసి కట్టింది. చూసినప్పుడల్లా సిగ్గేసేది. దాన్ని కూల్చేసి కొత్తది కట్టాలని ఏళ్ళ తరబడి, తీరిక దొరికినప్పుడల్లా రాస్తున్నాడు. సగం పైనే అయింది. కొత్తదాంట్లో ఆ ఫంక్షన్లే ఉండవు. రిటైరయ్యేలోపు అదొక్కటి పూర్తయితే చాలనుకున్నాడు. పాతవి బయటపెట్టారా, ఇక వాటిని తీసెయ్యడం కుదరదు, ఆ పని గోవిందా!

ఒక సెలవురోజు అక్కగారింటికి వెళ్ళాడు. అక్క మందుల పెట్టెల్లో పెట్టే సూచనల కాగితాలు ఆ ఎడిటర్లోనే అనువాదం చేస్తుంది. ఆవిడ కిటికీ దగ్గర ఊరికే కూర్చునుంది. బావ, ఒకప్పటి టెలిఫోన్ లైన్‌మన్, కళ్ళజోడు నెత్తిమీదకు తోసుకుని తెరకు ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఏంటి బావా, అంత దీక్షగా?"

"అంతా నీ పుణ్యమేనయ్యా! మళ్ళీ మార్చావుగా పేర్లు!"

అప్పుడు బయటపడింది సంగతి. అక్క చేతులు వణుకుతాయి. ఒక్క కీ నొక్కబోతే రెండుమూడుసార్లు పడుతుంది. ఆ ఎక్కువవి వదిలేసేలా బావ కిందామీదా పడి చిన్న ప్రోగ్రాం రాశాడు. అది గీత ఉన్న ఫంక్షన్లను పట్టుకునే నడుస్తుంది. కొత్త వెర్షన్ వచ్చిందంటే ఆగిపోతుంది. పాతది ఉంచుకుందామంటే పనిచ్చే కంపెనీ ఒప్పుకోదు. బావ కొత్త పేర్లు వెతికి పట్టేదాకా అక్క చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"అడిగాగా! ఆ పేర్లేంటయ్యా అంటే, అది లోపలి సంగతి, మీకెందుకు బావా అన్నావు. నవ్వావు కూడా."

నిజమే, అన్నాడు. ఎందుకడుగుతున్నాడో కనుక్కోలేదు. తల తీసేసినట్టయింది.

"సరే బావా, ఇకనుంచి మార్చేముందే కొత్త పేర్లు మీకు చెప్పేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు."

"వద్దు," అంది అక్క కిటికీ దగ్గర్నుంచే. "చేతులు వణికేది లోకంలో నాకొక్కదానికేనా? తమ్ముడు అక్కడ లేనివాళ్ళు ఏమైపోవాలిరా?"

"అందరికీ తెరిస్తే నేను కడుతున్నది పోతుందక్కా. ఇన్నేళ్ళ పని."

"అయితే తెరవకు. నేనేమీ అనుకోను. దొడ్డిదారి మాత్రం నాకొద్దు."

కోపంగా అని ఉంటే ఎదురు మాట్లాడేవాడే. మామూలుగా అంది. అదే ఆయనకు మింగుడు పడలేదు.

కొన్నాళ్ళకు పక్కసీటు అమ్మాయి కంగారుగా లేచొచ్చింది. "సార్, ఇన్‌పుట్ ఫంక్షన్లకు గీతలు పోయాయి! పొరపాటా?"

"కాదమ్మా, నేనే తీశాను. ఇక ఇవి మారవని రాసి పెట్టు."

"మరి మీరు కొత్తగా కడుతున్నది?"

"పక్కన పడేశాను," అని, టీ తాగొస్తానని మెట్ల దగ్గరకు పోయి ఏడ్చాడు. ఏడవడమే, కంట్లో నలకా గిలకా ఏం కాదు.

కొత్త వెర్షన్ వచ్చాక అక్కగారింటికి వెళ్తే, ఆవిడ ఏదో దగ్గుమందు కాగితం మీద ఉంది. పొగడ్తా లేదు, గిగడ్తా లేదు. "కూర్చోరా, ఈ పేజీ అయిపోనీ," అంది. కూర్చున్నాడు. వణికే వేలు పడ్డప్పుడల్లా తెరమీద ఒక్క అక్షరమే పడుతోంది. దాని అడుగున ఉన్నది తన అతుకుల పనే; తను పోయాక కూడా తన పేరుతో అలాగే ఉంటుంది, తిట్టేవాళ్ళు తిడతారు. ఆ బాధ ఆయనకు తగ్గలేదు. అయినా అక్క పేజీ పూర్తిచేసేదాకా లేవలేదు.