జీను కింద ఏదో ఉంది

మా బావకు అనుమానం ఎక్కువ. గోడ గడియారాన్ని చేతి గడియారంతో సరిచూస్తాడు. రెండూ ఒకే సమయం చూపిస్తే "ఇవి రెండూ కూడబలుక్కున్నాయి" అంటాడు. ఓసారి మా అక్క అడగకుండానే రెండో కప్పు టీ ఇచ్చింది. "ఏం పగలగొట్టావు?" అన్నాడు.

అలాంటి మనిషి పశువుల డాక్టరు. పైగా ఇరవై ఏళ్లుగా గుర్రాల దౌడుకు న్యాయనిర్ణేత. నలభై కిలోమీటర్ల చిన్న దౌడే, కానీ గీత దాటగానే గెలిచినట్టు కాదు. అరగంటలోగా గుర్రం గుండె వేగం నిమిషానికి అరవైకి దిగాలి. దిగితేనే పతకం. పక్కన గడియారం పట్టుకుని నిలబడే పని నాది. నన్నూ నమ్మడు. "నువ్వు మీ అక్కకు తమ్ముడివి" అంటాడు.

ఆ రోజు అందరికన్నా చివర మా ఊరి దర్జీ అమ్మాయి తన ముసలి గుర్రం మీద వచ్చింది. ఈసారీ పతకం రాకపోతే గుర్రాన్ని అమ్మేస్తానని ఆమె మేనమామ తెగేసి చెప్పాడట. దిగీ దిగగానే కంగారుగా గుర్రాన్ని తెచ్చి బావ ముందు నిలబెట్టింది. బావ స్టెతస్కోపు పెట్టి విన్నాడు.

"డెబ్బై రెండు. జీను కింద ఏదో దాచావు. విప్పు!"

"ఏం దాస్తానండీ?"

"అదే నేనూ అడుగుతున్నా."

విప్పింది. ఏమీ లేదు.

"ఆ బకెట్లో నీళ్లేనా? ఏం కలిపావు? మెడ మీద పొయ్యి, రంగు మారుతుందేమో చూద్దాం."

మారలేదు. ఇంకో బకెట్ పోయించాడు. ఎండలో రంగు తెలియడం లేదని నీడలోకి నడిపించాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను దొంగనా డాక్టరు గారూ? ఇక్కణ్ణుంచి కదలను, వెతుక్కోండి!"

నాకు ఒళ్లు మండింది. మూడు నిమిషాలు మిగిలుండగా అరవై ఒకటి. బావ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కటే కదా బావా!"

"ఎవరి తరఫురా నువ్వు?"

ఇంకో నిమిషమే ఉందనగా మళ్లీ విన్నాడు. యాభై తొమ్మిది! నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాడు. యాభై తొమ్మిదే. పతకం చేతిలో పెడుతూ "కొరికి చూసుకో, ఎవరినీ నమ్మకు" అన్నాడు. ఆమె కొరకొరా చూసి, పతకాన్ని గుర్రం మెడలో వేసి తీసుకెళ్లిపోయింది.

ఇంటికి వస్తూ అడిగేశాను. "పాపం, ఆ పిల్లను ఎందుకలా ఏడిపించావు?"

"గుర్రాన్ని చల్లబరచమ్మా అంటే 'మాకు తెలుసులెండి' అంటారు. రెండు నిమిషాలు ఆగరు. అదే దొంగవంటే, జీను విప్పి, నీళ్లు పోసి, నీడలో పట్టుదలగా నిలబడతారు."

ఇరవై ఏళ్లుగా అందరికీ ఇదే మందన్నమాట! నాకు బావ మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

"నువ్వు చాలా మంచివాడివి బావా" అన్నాను.

బావ టక్కున ఆగి జేబులు తడుముకున్నాడు.

"ఏం తీశావురా?"