మూత తియ్యకూడని కూర

ఆ రోజుల్లో మా ఊళ్ళో నా గురించి రెండే మాటలు చెప్పుకునేవారు: ఆ పిల్లకి చదువొచ్చు, ఆ పిల్లకి వంట రాదు. మొదటిది మెల్లగా, రెండోది గట్టిగా. రెండూ నిజమే కాబట్టి నేనెవరితోనూ పోట్లాడలేదు. శ్రీకాకుళంలో ఉద్యోగం వచ్చాకే చిక్కొచ్చిపడింది. పాతపట్నం అవతల మా పల్లె నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావడం నా వల్ల కాక, అమ్మని నెల రోజులు బతిమాలి, ఒక మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. పుట్టాక మొదటిసారి నాదంటూ ఒక తాళంచెవి! (దాన్ని మెళ్ళో వేసుకుని తిరిగానన్నది అబద్ధం. గంటకోసారి పర్సు తెరిచి చూసుకున్నానన్నది నిజం.) రెండు నెలలు తిరక్కుండానే ఫోనులో అమ్మకి నా గొంతు నీరసంగా వినబడింది. "ఏటి తింతన్నావే? ఓటేలు కూడే గదా? నాకు తెలస్తాది. వచ్చే ఆదివారం నానూ మావా వస్తాం. నీ సేత్తో వొండి పెట్టు. పెడితే ఆ గది నీది. పెట్టనేకపోతే సామాన్లు సర్దుకొని మా ఎంట బస్సెక్కు" అంది. మావ అంటే అమ్మ తమ్ముడు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎక్కడున్నా కంచం ముందు ఉండే మనిషి.

అదే వారం మా ఆఫీసులో బదిలీ మీద వెళ్ళిపోతున్న మేడమ్ ఒకావిడ తన స్లో కుక్కర్, అంటే సన్న వేడి మీద మెల్లగా వండే కరెంటు కుండ, నా చేతిలో పెట్టింది. "అన్నీ అందులో పడేసి నీ పని చూసుకో. ఆరేడు గంటల్లో అదే వండి పెడుతుంది. మూత మాత్రం తియ్యకు. తీసినప్పుడల్లా వేడి పోయి అరగంట వెనక్కి పోతుంది" అని చెప్పింది. వంట రానివాళ్ళ కోసం దేవుడే పంపించాడనుకున్నాను. పప్పు వండాను, కుదిరింది. ఉలవలు వండాను, ఇంకా బాగా కుదిరాయి. కింద వాటాలో ఉండే ఇంటావిడకి (పిన్ని అని పిలిచేదాన్ని) మాత్రం ఆ కుక్కర్ అంటే చులకన. చేపల వ్యాపారం చేసే మనిషి, ఆవిడ పొయ్యి మీద పులుసు పావుగంటలో కుతకుతలాడాలి. "ఈల నేదు, ఆవిరి నేదు. ఏటే ఇది, బద్ధకం కుండలా ఉన్నాది?" అనేది.

ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా నాటుకోడి ముక్కలు, వేయించిన ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, మసాలా అన్నీ కుక్కర్లో వేసి మూత పెట్టేశాను. లెక్క ప్రకారం ఒంటిగంటకి కూర సిద్ధం. కాకపోతే మా వైపు మనుషుల సంగతి ఆ మేడమ్‌కి తెలియదు, నేనేమో మర్చిపోయాను. మా దగ్గర ఎవరింటికెళ్ళినా కాళ్ళు కడుక్కున్నాక మొదటి పని వంటింట్లోకెళ్ళి గిన్నె మూత తియ్యడం, "ఏటి కూర?" అనడం. తియ్యకపోతే ఆ ఇంటివాళ్ళు "మనమంటే లెక్క నేదు" అని నొచ్చుకుంటారు. ఆ లెక్కన చూస్తే ఆ రోజు నా మీద అందరికీ ప్రేమ మరీ ఎక్కువైపోయింది. ఏడింటికి పిన్ని పైకొచ్చి మూత తీసింది. ఎనిమిదింటికి మళ్ళీ వచ్చి, "ఇంకా సల్లగానే ఉన్నాదే!" అని తీసింది. పదకొండింటికి వస్తామన్న అమ్మా మావా తొమ్మిదింటికే దిగారు (హోటల్ నుంచి పొట్లాలు తెప్పిస్తానేమో, పట్టుకుందామని అమ్మ ఎత్తు). ఇద్దరూ కాళ్ళు కడుక్కున్నారు. ఇద్దరూ మూత తీశారు. "తియ్యకండి!" అని నేను అనేలోపే మావ గరిటెతో తిప్పేసి, "ఒలే, ముక్క కదల్తన్నాదే!" అని సంతోషపడ్డాడు. ఆ తర్వాత మంచినీళ్ళకి వెళ్ళినప్పుడొకసారి, ఊరికే అటుగా నడిచినప్పుడొకసారి తీశాడు.

ఒంటిగంటకి అమ్మ ముక్కని గోటితో నొక్కి చూసింది. చెప్పులు కుట్టుకోవచ్చు, అలా ఉంది. అమ్మ ఏమీ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "సాల్లేవే. నువ్వేటి సేస్తావు, నీకు రాదు. బట్టలు సర్దుకో, మూడింటి బస్సుకి ఎల్లిపోదాం" అంది మెత్తగా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెనకాలే ఎక్కడ లేని కోపమూ వచ్చింది. మూత ఠపీమని పెట్టి, కుక్కర్ ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను. "నానేటి సేసాను? మీరే సేసారు! ఆరు మార్లు మూత తీసారు, ఆరు అరగంటలు పోనాయి! ఇంక ఎవరైనా సెయ్యేస్తే ఊరుకోను. నాలుగింటికి కూర ఉడుకుతాది, అప్పటిదాకా ఎవలూ కదలొద్దు!" అని అరిచాను. మావ "ఓలమ్మో!" అని రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఇంట్లో అమ్మ మీద గొంతెత్తిన మొదటి మనిషిని నేనే. ఆ సంగతి నోట్లోంచి మాట వచ్చేశాక గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే పిన్ని జాలిపడి వచ్చింది. "పాపం, ఊరునుండి ఆకలితో వచ్చినారు. మా ఇంట్లో వంజరం పులుసు ఉన్నాది, రండమ్మా. ఈ పిల్లకి వంటేటి తెలుస్తాది!" అంది. మావ అప్పటికే లేచి నిలబడ్డాడు. నేను అమ్మ ముఖం చూశాను. ఆ ఒక్క మాటకి అమ్మ ముఖం మారిపోయింది. కూతురికి వంట రాదని ఊరంతా చాటింది తనే, అది వేరే సంగతి. పరాయి మనిషి నోట అదే మాట వినేసరికి వెన్ను నిటారయింది. "మా పిల్ల వొండతన్నాది గదమ్మా. కాసింత ఆలీసం అవతాది, అంతే. ఆ కుండ సంగతి దానికే తెలుసు" అని, మావ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేసింది. అంతటితో ఆగలేదు. కుర్చీ లాక్కుని కుక్కర్ పక్కనే కూర్చుంది. రెండింటికి మావ వాసన చూస్తానని వంగితే చేతి మీద ఒక్కటిచ్చింది. "అరగంట ఎనక్కి పోతాదిరా! బుద్ధి నేదా?" అని కసిరింది.

నాలుగింటికి పది నిమిషాలు తక్కువగా వడ్డించాను. ముక్క వేలితో తాకితే ఎముక నుంచి విడిపోయింది. మావ ఎముకలు గుట్ట పోసి, నాలుగోసారి అన్నం పెట్టించుకున్నాక, "ఒలే, ఇది కోడేనా? మీ అమ్మ ఇన్నాళ్ళూ నాకేటి పెట్టిందే?" అన్నాడు. అమ్మ వేళ్ళు నాక్కుంది గానీ బాగుందని అనలేదు. నా బట్టల జోలికీ పోలేదు. చెయ్యి కడుక్కుని, "బస్టాండుకి ఆటో పిలు, ఇద్దరికి" అంది. ఇద్దరికి! ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

వాళ్ళతో పాటు నేనూ వెళ్ళి బస్సెక్కించాను. కిటికీ కింద నిలబడి ఉండగానే, అమ్మ పక్క సీటులోని ముక్కూ మొహం తెలియని ఆవిడతో మొదలుపెట్టింది. "అదుగో, ఆ పిల్ల మా అమ్మాయే. ఒక్కతే గది తీసుకొని ఉంటాది. ఇయ్యాల నాటుకోడి వొండింది, ఒంటిగంటకల్లా ఆకేసీసింది. నన్ను సెయ్యి ఎట్టనివ్వలేదమ్మా!" అంది. ఒంటిగంటకల్లా అన్న మాటకి మావ ఒకసారి అమ్మ వైపు చూసి, పొట్ట నిమురుకుని, కిటికీ లోంచి బయటికి తిరిగాడు. నేను కిందే నిలబడి, ఆ అబద్ధం నిజమైనట్టే గడ్డం పైకెత్తాను. బస్సు మలుపు తిరిగేదాకా దించలేదు. ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్క కోడిని ఉడికించి దేశం గెలిచినట్టు నిలబడింది పిచ్చిది, అక్కడ గెలిచింది వాళ్ళమ్మని అని తెలియక.