కొత్తగూడ తర్వాతి పాటలు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి కింది ఫ్లాట్‌లో కుక్కర్ కూత వేసింది. నేను ఇంటికి తాళం వేసి, చొక్కా జేబులో మ్యూజిక్ ప్లేయర్ ఉందో లేదో తడిమి చూసుకుని మెట్లు దిగాను. అది పనిచేయదు. దుకాణాల్లో చూపించడానికి వెంట పెట్టుకున్నాను.

అది నా భార్య పద్మది. బొటనవేలంత ఉంటుంది, తెర లేదు. మా ఇద్దరి ఆఫీసులూ నానక్‌రామ్‌గూడలోనే. మియాపూర్ నుంచి బస్సులో పక్కపక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్ చెరొక చెవికి పెట్టుకుని వెళ్లేవాళ్లం. పాటలు ఎక్కించింది ఆమె. కొత్తగూడ దాటేసరికి నాకు నిద్ర పట్టేది. దిగే చోటికి దానంతటదే మెలకువ వచ్చేది. ఆ సంగతి స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పద్మ ఏమీ అనేది కాదు.

కిందటి వానాకాలంలో ఆమె చనిపోయింది. చలికాలంలో ప్లేయర్ బయటికి తీస్తే మోగలేదు. అందులోని మెమరీ కార్డు తీసి ఫోన్‌లో పెడితే పాటలన్నీ అక్షరక్రమంలోకి మారిపోయాయి. ఏ పాట తర్వాత ఏది వస్తుందో కొత్తగూడ దాకా నాకు తెలుసు. ఆ తర్వాత తెలియదు. ఆమె పెట్టిన వరసలో మళ్లీ వినాలని అప్పటి నుంచి సెలవు రోజుల్లో దుకాణాలు తిరుగుతున్నాను.

తొమ్మిదీ నలభైకి డిపో దగ్గర బస్సు ఎక్కాను. సెలవు కాబట్టి కిటికీ సీటు దొరికింది. హఫీజ్‌పేట దగ్గర ఒకతను ఎక్కి, “ఇక్కడ ఎవరైనా వస్తున్నారాండీ?” అని అడిగాడు.

“లేదండీ, కూర్చోండి.”

అతను సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

కొత్తగూడలో దిగి, రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిని, హైటెక్ సిటీ దాకా నడిచాను. పదకొండుకు షోరూమ్ తెరిచారు. కౌంటర్‌లోని అమ్మాయిది కోస్తా మాట. అరచేయంత తెర ఉన్న ప్లేయర్ ఒకటి తీసి, కార్డు అందులో పెట్టింది.

“పాటల వరస మారకూడదమ్మా,” అన్నాను.

“అస్సలు మారదండీ. పాట అదే, వరస అదే. సౌండ్ మాత్రం ఇంకా క్లియర్‌గా వస్తుంది.”

నేను బాణీ గురించి అడుగుతున్నానని ఆమె అనుకుంది.

“ఆ వరస కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది.”

“ఓ, ప్లేలిస్టా! మీరు చెప్పండి, ఇప్పుడే పెట్టేస్తాను. మొదటిదేంటండీ?”

చెప్పాను. ఆమె తెర మీద వేలితో ఒక్కో పాటనూ పైకి జరుపుతూ పోయింది.

“తర్వాతండీ?”

“తెలియదు.”

“పోనీ మిగతావి మీకు నచ్చినట్టు పెట్టేయనాండీ?”

వద్దని కార్డు వెనక్కి తీసుకున్నాను.

నానక్‌రామ్‌గూడలో ఇంకో షోరూమ్ ఉందని పన్నెండు గంటలకు షేర్ ఆటో ఎక్కాను. ఎదురు సీట్లో ఇటుకల దుమ్ము అంటిన చీరలో ఒకామె, ఒళ్లో టిఫిన్ డబ్బాతో కూర్చుంది. నా చేతిలో ఉన్నదాన్ని చూసింది.

“గదేంది సారూ? తాళంచెవి బిళ్లనా?”

“పాటలు వినేదమ్మా. చెడిపోయింది. ఇలాంటిదే కావాలి.”

“మా మేస్త్రి మెడల ఏస్కొని తిరుగుతడు గసొంటిది. పొద్దుగాల మొదలువెడితే నోరు మూతవడదు.”

“దానిదా అక్కా, మేస్త్రిదా?” అన్నాడు డ్రైవర్.

“ఇద్దరిదీ ఒక్కటే. నువ్వు ముందల జూసి తోలు.”

మేస్త్రి ఎక్కడ కొన్నాడని అడిగాను. పాత ఊళ్లో, పిండి గిర్ని పక్క రీచార్జి దుకాణంలో అని చెప్పింది. షోరూమ్ మాట వదిలేసి ఆమెతోపాటే దిగాను. డ్రైవర్‌కు ఇరవై ఇచ్చాను.

ఇన్నేళ్లుగా నానక్‌రామ్‌గూడలో పనిచేస్తున్నా ఆ ఊళ్లోకి నేను వెళ్లలేదు. అద్దాల భవనాల వెనక చిన్న గల్లీ, అరుగుల ముందు బైకులు. దుకాణం ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. నా ప్లేయర్ చూసి, డబ్బాలో వెతికి, దాదాపు అలాంటిదే తీసింది. కానీ చేతికి ఇవ్వలేదు.

“జర ఆలోచించు సార్. తెర లేదు, గిర లేదు. కావల్సిన పాట ఎంచుకోరాదు. ఎట్ల ఎక్కిచ్చిన్రో అట్లనే పాడ్తది. మొన్న ఒకాయన, గీ పరేషాన్ నాకొద్దని వాపసిచ్చి పోయిండు.”

“ఎక్కించినట్టే పాడుతుందా?”

“గదే కదా చెప్తున్న!”

కార్డు పెట్టించాను. పద్మ పెట్టిన మొదటి పాట వచ్చింది. తర్వాత రెండోది. మూడోదీ సరిగ్గానే వచ్చింది. నేను అలాగే వింటూ నిలబడేసరికి ఆమె, “వద్దా సార్?” అంది.

“కావాలి.”

“మీ ఇష్టం. నేనైతే వాపసు తీస్కోను.”

రెండు గంటలకు తిరుగు బస్సు దొరికింది. కూర్చుని మొదటి పాట నుంచి పెట్టాను. దారి తారుమారైంది కానీ వరస ఆమెదే. కొత్తగూడ వచ్చేసరికి నాకు తెలిసిన పాటలు అయిపోయాయి. ఆ తర్వాత అన్నీ మెల్లని పాటలు, ఒకదాని కంటే ఒకటి నెమ్మది. చివరివాటిలో తబలా కూడా లేదు. కళ్లు మూతలు పడుతుంటే కిటికీలోకి ముఖం పెట్టి కూర్చున్నాను.

మియాపూర్ దగ్గర పడుతుండగా చెవిలో ఒక్కసారి డప్పులు మోగాయి. ఉలిక్కిపడ్డాను.

“ఏమైంది బాబూ?” అన్నాడు పక్కనున్న పెద్దాయన.

“ఏం లేదండీ. పాట.”

పద్మకు డప్పుల మోత పడదు. వీధిలో పెళ్లి బరాత్ వెళుతుంటే కిటికీలు మూసేది. గడియారం చూశాను. ఎక్కి గంట దాటింది. ఆఫీసుకు వెళ్లేటప్పుడైతే నానక్‌రామ్‌గూడ మలుపు తిరిగే సమయం. ట్రాఫిక్‌లో బస్సు ముందూ వెనకా అయిన రోజు బటన్ నొక్కి ఆ పాటను సర్దుకునేదేమో. నేను కళ్లు తెరిచేసరికి పాట ఆగి ఉండేది, ఆమె ఇయర్‌ఫోన్ తీగ చుట్టుకుంటూ ఉండేది.

మూడున్నరకు ఇంటికి చేరాను. ఇలాంటి ప్లేయర్ కావలసినవారు షోరూములకు వెళ్లనక్కర్లేదు. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో గిర్ని ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఆఫీసుకు ఇప్పటికీ ఆ బస్సులోనే, ఆ వరసలోనే వింటూ వెళుతున్నాను. కొత్తగూడ దాటాక నిద్రపోవడం లేదు.