చెక్కు గోడ

మా డ్రాయింగ్ మాస్టారు ఆదివారాలు చర్చిలోనూ మిగతా రోజులు చెక్ దేశంలోనూ ఉండేవారు. ఆ దేశాన్ని ఆయన చూడలేదు. ఏదో కాలేజీ లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు తూకానికి అమ్మేస్తుంటే ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకున్నారు, అంతే. ఎనిమిదో తరగతిలో దాన్ని మాకు చూపించారు. అందులోని చిత్రకారుడి పేరు పలకబోయి క్లాసంతా నాలుక కరుచుకుంది. మాస్టారికీ నోరు తిరిగేది కాదు. అందుకని "మా చెక్ ఆయన" అనేవారు, మేనమామ గురించి చెబుతున్నట్టు.

ఆ చెక్ ఆయన ముందు బొమ్మలు వేశాడట. తర్వాత ఇళ్ళు గీశాడు, నాటకాలకి రంగస్థలాలు అమర్చాడు, కుర్చీల్నీ కూజాల్నీ కూడా వదల్లేదు. గోడ చదునుగా ఉంటే ఆయనకి నచ్చదు. ఆయన గీసిన ఇళ్ళ ముఖాలన్నీ పటికబెల్లం ముక్కల్లా కోణాలు కోణాలుగా ఉండేవి. కాకపోతే కట్టినవి తక్కువ, కాగితం మీద ఉండిపోయినవి ఎక్కువ.

"నయం, ఆయనవి కొన్నన్నా లేచాయి," అనేవారు మాస్టారు నవ్వుతూ. ఆయన ఇంట్లో చుట్టలు చుట్టి పెట్టిన సొంత బొమ్మలు చాలా ఉన్నాయని మాకు అప్పుడు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటాక, సివిల్ డిప్లొమా చేసి నేను గుంటూరులో ఒక గదిలో ఇళ్ళ ప్లాన్లు గీసుకుంటున్నాను. రిటైరవబోతున్న మాస్టారు వచ్చారు. నల్లపాడులో రెండు గదుల ఇల్లు కట్టుకుంటారట.

"ప్లాను నువ్వే గీయాలమ్మాయ్. ముందుగోడ మాత్రం నేను గీశా," అని ఒక కాగితం పరిచారు. కోణాల గోడ. చూడగానే నాకు ముచ్చటేసింది. "ముప్పై ఏళ్ళు పిల్లల చేత అరటిపండూ కుండా గీయించాను. నాది ఒక్క గోడన్నా నిలబడాలిగా," అన్నారు.

పెదకాకాని నుంచి వచ్చే మేస్త్రిని మాట్లాడాను. "ఇది చెక్ గోడ, జాగ్రత్త," అని కాగితం చూపించాను.

"చెక్కు గోడ. అర్థమైందండీ," అన్నాడు. అర్థం కాలేదని చెప్పిన మేస్త్రిని నేను ఈనాటి వరకు చూడలేదు.

పునాదికి వంకరటింకరగా ముగ్గు పోయించిన రోజే ఎదురింటి మిర్చి రైతు బయటికొచ్చాడు.

"మాస్టారూ, ఇదేందండీ! మీ గోడ మూల సూటిగా మా గుమ్మంలోకి పొడుచుకొస్తంది. వాస్తుకి పోటు గదా!"

"ఆరంగుళాలేనండీ," అన్నాను నేను.

"ఏమ్మా, ఆరంగుళాల కత్తి గుచ్చుకోదా?"

కత్తుల సంగతి డిప్లొమాలో చెప్పలేదు. అయినా నేను పోట్లాటకి సిద్ధంగానే ఉన్నాను. మాస్టారే సిద్ధంగా లేరు. "తిన్నగానే కట్టించెయ్యమ్మాయ్. రోజూ ముఖముఖాలు చూసుకోవాల్సినవాళ్ళం," అని కాగితం చుట్టేసి సైకిలెక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురింటాయన మీద కాదు, మాస్టారి మీద. ఇంత తేలిగ్గా వదులుకునేవాడివి ఎందుకయ్యా ముప్పై ఏళ్ళు కలగన్నావ్ అని అడగాలనిపించింది.

గోడ తిన్నగా లేచింది. ప్లాస్టరింగ్ రోజు మాస్టారు చర్చిలో పని ఉందని కబురు పెట్టారు. ఏ పనీ లేదని నాకు తెలుసు.

"నున్నగా పూసెయ్యండి," అన్నాను మేస్త్రితో.

"నున్నగానా? చెక్కు గోడన్నారుగా! చెక్కొద్దా?"

"ఏం చెక్కాలి?"

"అదేందండీ, మీరే చెప్పారుగా. సిమెంటు దిట్టంగా పూసి, తడి మీద కోణాలు చెక్కాలనుకున్నా. చెక్కుడు గోడకి పునాదిలో వంకరెందుకని ఆ రోజే అడుగుదామనుకున్నా. చదువుకున్నోళ్ళని అడగడమెందుకులే అని ఊరుకున్నా."

పొట్ట పట్టుకుని నవ్వాను. సగంలో ఆగిపోయాను. హడావుడిగా గుంటూరులో నా గదికి వెళ్ళి, నా దగ్గరున్న మాస్టారి బొమ్మ కాపీ తీసుకొచ్చాను. చెక్ అంటే దేశం పేరని మేస్త్రికి చెప్పలేదు. చెబితే ఎక్కడ మానేస్తాడోనని భయం.

నాలుగు రోజులు పట్టింది. రోజుకి కొంత మేర మందంగా పూయడం, ఆరేలోపు తాపీతో ఏటవాలుగా చెక్కడం. ఎదురింటాయన వచ్చి గోడకి చెంప ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. "ఇది పొడవదులే," అని తేల్చాడు. అక్కడితో వెళ్ళాడా? సాయంత్రం దాకా నిలబడి "ఆ కోణం ఇంకాస్త లోతు పోనియ్యవయ్యా" అని మేస్త్రిని సతాయించాడు.

నాలుగో రోజు మాస్టారికి కబురు పెట్టాను. వచ్చారు. సైకిలు స్టాండు వేయడం మరిచిపోయి, హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కోణాల్లో సగం ఎండ, సగం నీడ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కింది మూల ఇంకా తడిగా ఉంది. మేస్త్రి ఒక మేకు ఆయన చేతికిచ్చి పేరు రాయమన్నాడు. మాస్టారు నేల మీద కూర్చున్నారు. మా అందరి బొమ్మల కింద ఎర్ర ఇంకుతో సంతకాలు గిలికిపారేసిన మనిషికి తన బొమ్మ కింద మొదటి అక్షరమే వంకరపోయింది.

మేస్త్రి తాపీతో దాన్ని చెరిపి, నున్నగా సర్ది, "మళ్ళీ రాయండి మాస్టారూ. తొందరేం లేదు," అన్నాడు.