ఆయన పోయిన ఊరు

ఆ ఊళ్ళో ఉన్నవి మూడే వీధులు. ఒకటి కొండ మీదికి, ఒకటి ఏటి దగ్గరికి, ఒకటి పెద్ద రోడ్డుకి పోతాయి. మూడూ కలిసే చోట చర్చి, చర్చి ముందు ఒక బెంచీ ఉన్నాయి. ఆ బెంచీ మీద మా ఆయన పోయారు. లండన్‌ పక్క హౌన్స్‌లోలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, మా ఇంటికి దగ్గర్లో ఉన్న కాలవ ఏ వైపు పారుతుందో అడిగితే చెప్పలేను. ఫ్రాన్సులో ఉన్న ఆ ఊరి గురించి మాత్రం ఏదడిగినా చెబుతాను.

అసలది మా దారిలో ఉన్న ఊరే కాదు. వేసవి సెలవుల్లో ఆయనా నేనూ, పదమూడేళ్ళ మా అమ్మాయీ కారులో ఫ్రాన్సు దక్షిణానికి బయల్దేరాం. హైవే మీద ట్రాఫిక్ ఆగిపోతే ఆయన విసుక్కుని చిన్నరోడ్డులోకి తిప్పారు. కాసేపటికి ఛాతీలో పట్టేసినట్టుందన్నారు. "పొద్దున్నే పులిహోర పెడితే గ్యాస్ కాక ఏమవుతుంది?" అని నెపం నా మీద వేశారు. "నాలుగుసార్లు వడ్డించుకున్నప్పుడు తెలీలేదా?" అని నేనూ ఊరుకోలేదు. మా కాపురంలో ఆఖరి సంభాషణ అదే.

చర్చి ముందు కారాపి బెంచీ మీద కూలబడ్డారు. నీళ్ళడిగారు. కారులో సీసాలన్నీ ఖాళీ. చర్చి వెనక గోడలోంచి ఒక ధార పడుతోంది, పిల్ల పరిగెత్తుకెళ్ళి సీసాలో పట్టుకొచ్చి తనే తాగించింది. రెండు గుక్కలు మింగారు. నేను అంబులెన్సుకి ఫోన్ చేస్తూ ఆయన మొహం చూశాను. కళ్ళు తేలిపోతున్నాయి. పిల్ల చూడకూడదనిపించింది. "ఇంకో సీసా పట్టుకురా, పో" అని మళ్ళీ పంపించేశాను. అది తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

గుండెపోటని డాక్టర్లు తేల్చారు. కాగితాల పనులన్నీ అయ్యాక, రోజంతా మా ఇంటి మీదుగా పోయే విమానాల్లో ఒకదానిలో ఆయనా వచ్చారు. దహనం ఇక్కడే చేశాం. నాకు ఏడుపు రాలేదు. పక్కవీధి ఆంటీ నా భుజాలు పట్టుకుని కుదిపి, "ఒక్కసారి గట్టిగా ఏడువమ్మా, లోపల పెట్టుకోకు" అంది. లోపల ఏవన్నా ఉంటే కదా! పన్ను పీకేముందు సూది వేస్తే పెదవి ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. నేను ఒక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పనిచేస్తాను. సెలవు అయిపోగానే డ్యూటీల రోటాలో నా పేరు పడింది. వెళ్ళి కూర్చుని, ఫోనెత్తి, "డాక్టర్ని కలవడానికి ఇవాళ ఖాళీ లేదండీ" అని ఎప్పటి గొంతుతోనే చెప్పాను.

ఆ ఊరి గురించి చదవడం అప్పుడే మొదలైంది. ట్యూబు రైల్లో, లంచ్‌లో, అన్నం ఉడికేలోపు చదివేదాన్ని. ఆ ఊళ్ళో ఎవరో రిటైరయిన పెద్దాయన ఊరి చరిత్రంతా రాసి నెట్‌లో పెట్టాడు. ఫోను దాన్ని ఫ్రెంచిలోంచి ఇంగ్లీషులోకి మారుస్తుంది, నేను తెలుగులోకి మార్చుకుంటాను. ఎందుకు చదువుతున్నానంటే చెప్పలేను. ఏడవడం చేతకానివాళ్ళకి ఏదో ఒక పని కావాలి.

ఆ కొండంతా సున్నపురాయి. పైన పడ్డ వాన పైన నిలవదు, రాతిలోకి ఇంకిపోయి కొండ కింద ఊటగా బయటికొస్తుంది. ఆ ఊట ఉంది కాబట్టే అక్కడ ఊరు కట్టుకున్నారు, చర్చి కూడా తరవాతే వచ్చింది. ఒకప్పుడు ఏటవాలంతా ద్రాక్షతోటలట. సముద్రం అవతలి నుంచి ఏదో పురుగొచ్చి వేళ్ళు తినేస్తే తోటలన్నీ ఎండిపోయాయి, సగం ఊరు పట్నాలకి పోయింది. మిగిలినవాళ్ళలో కుర్రాళ్ళని మొదటి యుద్ధం తినేసింది. ఆ గుప్పెడు ఇళ్ళ ఊరికీ చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది, ఒకే ఇంటిపేరు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎంత చెట్టుకు అంత గాలి. బడి ఎప్పుడో మూసేశారు. రొట్టెలు వ్యాన్‌లో వస్తాయి. ఇప్పుడు అక్కడున్నది చాలామట్టుకు ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అనే వయసువాళ్ళే.

చర్చి వెనక ధార గురించీ రాశాడాయన. వందల ఏళ్ళు ఊరు ఊరంతా ఆ నీళ్ళే తాగిందట, దాని పక్కన రాతి తొట్టెల్లో ఆడవాళ్ళు బట్టలుతికేవారట. పైపుల నీళ్ళు వచ్చాక ఊట నీళ్ళకి పరీక్షలు చేయించే నాథుడు లేడు. పరీక్ష చేయించని నీళ్ళు తాగమనకూడదు కాబట్టి, తాగవద్దని ఊరి కౌన్సిల్ బోర్డు పెట్టింది. ముసలివాళ్ళు ఇప్పటికీ కాఫీకి అవే పట్టుకెళ్తారట. ఇదంతా చదివాను. చదివి, పేజీ కిందికి జరిపాను.

తెనాలి నుంచి మా అత్తగారు ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసేది. కొడుకు పోయాక ఆవిడ పట్టుకుని వేళ్ళాడిన మాట ఒక్కటే. "పిల్లని పిలువమ్మా. దాన్నొకసారి చూడాలి. ఆఖరి గుక్క కూతురి చేతుల మీదుగా తాగిపోయాడు నా తండ్రి. కొడుకులున్నవాళ్ళకి కూడా ఆ ప్రాప్తం ఉండదే!" అనేది. పలకరించడానికి వచ్చిన ఆంటీలూ, అంకుళ్ళూ అదే మాట. మనవాళ్ళలో పోయేవాళ్ళ గొంతులో ఆఖరి నీళ్ళు పోయడం కంటే పెద్ద పుణ్యం ఏముంది? అందుకే ఎవరొచ్చినా పిల్ల తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించేవాళ్ళు. అది బిర్రబిగుసుకుని నిలబడేది.

పిల్ల ఇంట్లో కుళాయి నీళ్ళు తాగడం మానేసింది. సీసాలు కొనుక్కుని, వాటి మీదున్న ప్రతి అక్షరం చదివి గానీ మూత తీసేది కాదు. "మహారాణిగారికి మా నీళ్ళు పనికిరావేం?" అని సణిగేదాన్ని. స్కూల్లో సబ్జెక్టులు ఎంచుకోమంటే, ఎప్పుడూ మంచి మార్కులొచ్చే ఫ్రెంచి వదిలేసింది. ఆ వయసులో అందరూ అంతేలే అనుకున్నాను. అసలు ఏమీ అనుకోలేదు, అదే నిజం.

సంవత్సరీకానికి గ్లాస్గో నుంచి మా మరిది వచ్చి కర్మకి కూర్చున్నాడు. పంతులుగారు వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్, వారాంతాల్లో పౌరోహిత్యం. సంకల్పంలో మనం ఎక్కడున్నామో చెప్పాలి కదా, శ్రీశైలానికి వాయవ్య ప్రదేశమని, థేమ్స్ తీరమని ఆయన చెప్పుకుపోతున్నారు. మా ఆయన పోయిన చోటు అడిగి ఉంటే నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని, సున్నపురాతి కొండకి దక్షిణాన, ఏటికి ఎడమ ఒడ్డున అని. పంతులుగారు అడగలేదు. లాప్‌టాప్‌లోంచి అత్తగారు అందుకుంది. "పంతులుగారూ, ఆఖరి నీళ్ళు నా మనవరాలే పోసిందండీ."

"ఇంకేం కావాలమ్మా! ఆ చేత్తో పోస్తే ఏ నీళ్ళయినా గంగే" అన్నారాయన.

పిల్ల లేచి ధనధనా మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. వెనకాలే వెళ్ళాను.

"ఏమే, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అలా లేచి వచ్చేస్తావా?"

"ఆ మాట ఇంక ఆపమను, మామ్." అది ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. "అవి తాగే నీళ్ళు కాదు. గోడ మీద బోర్డుంది. బోర్డు మీదున్న ఫ్రెంచి మాట నాకు స్కూల్లో నేర్పారు. నేను చూసుకోకుండా డాడీకి పట్టించేశాను. డాడీ చచ్చిపోయాడు. వీళ్ళంతా నాకు థాంక్స్ చెబుతున్నారు."

ఏడాదిగా మేమందరం పిల్లని మెచ్చుకుంటున్నాం అనుకుంటూ పుండు మీద కారం చల్లాం. అప్పుడు నోరు తెరిచాను. కొండ, వాన, ఊట, బోర్డు ఎందుకు పెట్టారో, కాఫీలకి ఎవరు పట్టుకెళ్తారో, ఆ ఊరి చరిత్రంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "అవి మంచినీళ్ళే నాన్నా. డాడీది గుండెపోటు. డాక్టర్లు చూసి చెప్పారు. నీళ్ళకీ దానికీ సంబంధమే లేదు."

"నాకెవరూ చెప్పలేదు."

నిజమే. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తట్టలేదు.

అది మంచం మీద కూర్చుని దుప్పటి అంచు పీకింది. "మరి రెండోసారి?" అంది. "నువ్వు మళ్ళీ పంపినప్పుడు బోర్డు చూశాను. పట్టాలా వద్దా అని అక్కడే నిలబడిపోయాను. చివరికి ఖాళీ సీసాతో వచ్చాను. మంచినీళ్ళే అయితే, డాడీ దాహంతోనే పోయాడు కదా?"

"రెండోసారి ఆయన అడగలేదే తల్లీ. నేనే పంపాను. నువ్వు చూడకూడదని."

"నేను వెళ్ళేటప్పటికి బతికే ఉన్నాడా?"

"ఉన్నారు."

అది నా మొహంలోకి చూసింది. ఆ చూపు వాళ్ళ నాన్నదే. "అయితే నువ్వు పంపకపోతే నేను ఆ గోడ దగ్గర ఉండేదాన్ని కాదు. డాడీ దగ్గర ఉండేదాన్ని."

"ఉండేదానివి" అన్నాను.

ఏడాదిగా ఎక్కడుందో తెలియని నొప్పి పక్కటెముకల కింద నుంచి తన్నుకొచ్చింది. మంచం మీద కూలబడి, దిండులో మొహం పెట్టుకుని, కిందికి వినబడుతుందన్న సిగ్గు కూడా లేకుండా గొల్లుమన్నాను. పిల్ల దగ్గరికి రాలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడి, దాని ఏడుపు అది ఏడ్చింది.