సార్జెంట్ ప్రూయిట్ అడిగే ప్రశ్న

సార్జెంట్ ప్రూయిట్ మెడలో ఈలకు బదులు కొలతల టేపు వేలాడుతుంటుంది. బరువు ఎక్కువ తూగిన సిపాయిలంతా చొక్కాలు విప్పి ఆయన ముందు వరస కడతారు. మెడ లావుగా, నడుం సన్నగా తేలితే ఒంట్లో కొవ్వు తక్కువని పటాలంలో లెక్క. అందుకే నెల్లాళ్ల ముందు నుంచే కసరత్తు చేసి మెడలు పెంచుతారు. తీరా కొలిచే పూట పొట్టలు లోపలికి పీల్చి ఊపిరి బిగబడతారు. ప్రూయిట్ కోప్పడడు. టేపు బొడ్డు మీదికి రాగానే, "రాత్రి ఏం తిన్నావురా?" అంటాడు ఆప్యాయంగా. "పంది పక్కటెముకలు, సార్జెంట్" అని వాడు నోరు తెరిచేసరికి పొట్ట బయటికి దూకుతుంది. వరసంతా ఘొల్లుమంటుంది.

మొన్న హార్గిస్ వంతు వచ్చింది. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో చూస్తే నెల పసిగుడ్డు. పొట్ట వీపుకు అంటేలా బిగించి నిలబడ్డాడు. ప్రూయిట్ టేపు చుట్టాడు గానీ, ఎన్నడూ లేనిది, ఏమీ అడగలేదు. హార్గిస్ మొహం టమాటాలా ఎర్రబడింది. ఇక ఉండబట్టలేక, "ఇవాళ నన్ను అడగరేంటి, సార్జెంట్?" అన్నాడు.

"నోర్ముయ్యరా వెధవా, ఇంకా అంకె చూడలేదు!" అన్నాడు ప్రూయిట్.