ఆయ్తు అన్నాను

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. మా అక్క ముఖం చూసి చెప్పలేనిదాన్ని కొన్నేళ్లుగా లోపల పెట్టుకొని తిరుగుతున్నాను. ఈ మధ్య భయం ఎక్కువైంది. అంగడి ముందు ఏ బండి ఆగినా, బావే వచ్చాడేమో, ఆ సంగతి అడుగుతాడేమో అని వెనక గదిలోకి తప్పుకుంటాను.

చింతామణిలో మాకు ఇనుప సామాన్ల అంగడి. కాంక్రీటు కలిపే మిషన్ ఒకటి బాడుగకు ఇచ్చేవాళ్లం. ఆ రోజు దాన్ని బాగేపల్లికి చేర్చాలి. బావ తన పికప్‌ను వెనక్కి తీసి నిలిపాడు. మిషన్ ముందు కడ్డీని పికప్‌కు కలిపి పిన్ను దించింది నేను. పిన్ను ఊడినా మిషన్ విడిపోకుండా ఒక గొలుసు కూడా వేయాలి. అదీ నా పనే. మిషన్‌కు వెనక లైట్లు లేవు. అందుకని మా తమ్ముడు బైకు మీద దాని వెనకాలే రావాలనుకున్నాం.

బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏమప్పా, గొలుసు తగిలిస్తివా? చొక్కా మాస్తాదని చూస్తా నిలబడుకోనుండావా?”

“ఆయ్తు, ఆయ్తు. పోదాం పా బావా.”

కన్నడంనుంచి వచ్చిన ఈ మాట మా ఇళ్లలో రోజూ వాడతాం. ‘అయిపోయింది’ అన్నా అదే, ‘సరే, చేస్తాను’ అన్నా అదే. బావ మొదటిది విన్నాడు. నేను రెండోది అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. గొలుసు నిండా గ్రీజు. చేయి పెట్టబుద్ధి కాలేదు. పిన్ను చాలులే అనుకున్నాను. ఆయన మళ్లీ అడగకుండా ఉండాలని, అబద్ధమాడినట్టు నాకే అనిపించకుండా ఉండాలని, ఆ మాట ఎంచుకున్నాను.

బాగేపల్లి దారిలో ఒక ఎత్తు ఎక్కుతుండగా పిన్ను ఊడింది. పికప్ తేలికై ముందుకు దూకింది. బావ పక్కన కూర్చున్న నేను అద్దంలో చూశాను. మిషన్ వెనక్కి పోతోంది. దాని వెనక తమ్ముడు.

ఆసుపత్రి చేరేలోపే పోయాడు.

గొలుసు ఎవరు చూశారని అక్క అడిగింది. నేను నోరు తెరవలేదు. బండి నాది, చూసుకోవాల్సింది నేనే అన్నాడు బావ. పికప్ అమ్మేశాడు. అక్క ఇప్పటికీ ఆయనకు అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోతుంది.

నా జవాబు ఆయనకు గుర్తుందా? గుర్తుండే నన్ను కాపాడుతున్నాడా, లేక తన చెవులనే అనుమానిస్తున్నాడా? ఏది నిజమైనా నాకు భయమే. చెబితే నాకు అక్క ఉండదు. చెప్పకపోతే ఆయనకు ఇల్లు ఉండదు. ఇది తెలిసీ ఇంకా అక్క దగ్గరికి పోలేదు.

తమ్ముడు పోయింది బావ తప్పువల్ల కాదు. నావల్ల. ఈ మాటను ఇంతవరకు చివరిదాకా రాయలేకపోయాను. భయం పోలేదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా పోతోంది.